లంకెల లెక్కలో తెలుగెక్కడ?

మన విశ్వవిద్యాలయాల జాలస్థలాలు లోకానికి ఎంత మేరకు కనబడుతున్నవో కొలిచి, ఆ కొలతలను విదేశీ సదస్సులలో సమర్పించడం గ్రంథాలయశాస్త్ర పరిశోధకులలో ఆనవాయితీ అయింది. నా పూర్వ విద్యార్థిని ఒకామె ఇప్పుడు అదే పని మీద ఐరోపాకు ప్రయాణమవుతున్నది. "లంకెలు లెక్కపెట్టి చెప్పడానికి అంత దూరమా?" అని ఎగతాళి చేసేవారున్నారు. నేను ఆ పక్షం కాదు. వెళ్ళవలసిందే. ఏమి చెప్పడానికి వెళ్ళాలన్నదే నా తగవు.

1948లో ఎస్‌. ఆర్‌. రంగనాథన్‌ ఇంగ్లండులోని లెమింగ్టన్‌ స్పాలో జరిగిన ఆస్లిబ్‌ సదస్సులో, గ్రంథాలయాల పనికి గణితాన్ని అన్వయించే శాస్త్రమొకటి కావాలని ప్రతిపాదించి దానికి 'లైబ్రామెట్రీ' అని పేరు పెట్టారు. ఆయన సొంత కొలబద్దనే పట్టుకొని వెళ్ళారు. మనవారు ఇప్పుడు పరుల కొలబద్దతో కొలుచుకొని, ఆ అంకెలను పరులకే చదివి వినిపించి వస్తున్నారు.

ఆ కొలబద్ద సంగతి కొంచెం చూడండి. 1997లో ఆల్మిండ్‌, ఇంగ్వర్‌సన్‌ అనే పండితులు ఈ విద్యను 'వెబొమెట్రిక్స్‌' అన్నారు. మరుసటి యేడు ఇంగ్వర్‌సన్‌ 'వెబ్‌ ఇంపాక్ట్‌ ఫాక్టర్‌' అనే సూత్రం చెప్పారు. ఒక స్థలానికి బయటినుండి లంకె వేసిన పుటల సంఖ్యను ఆ స్థలంలోని పుటల సంఖ్యతో భాగించాలి. ఒక విశ్వవిద్యాలయంవారు శ్రమపడి తమ తెలుగు సిద్ధాంతగ్రంథాలన్నిటినీ పుటలు పుటలుగా అంతర్జాలంలో పెట్టారనుకుందాం. హారం పెరుగుతుంది. లంకెలు వేసేవారు మర్నాడే పుట్టుకురారు గనుక లవం అంతే ఉంటుంది. విలువ పడిపోతుంది! ఏమీ పెట్టక ఊరకున్నవారే ప్రభావశీలురు. ఆనాటి లెక్కలకు ఆధారమైన అల్టావిస్టా శోధనయంత్రం 2013లో మూతపడింది కూడాను. మాడ్రిడ్‌లోని సైబర్‌మెట్రిక్స్‌ ప్రయోగశాలవారు 2004లో ఆరంభించిన విశ్వవిద్యాలయాల పట్టిక ఉద్దేశం కొంత మేలు. పరిశోధనలను జాలంలో అందరికీ అందేటట్లు పెట్టించడమే తమ ధ్యేయమని వారు చెప్పుకొన్నారు. మనవారికి మాత్రం అందులోని వరుససంఖ్యే ముద్దు.

ఇక తెలుగు సంగతి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాల చోటు దొరికింది. అయినా చాలాకాలం మన సంస్థలు, ముద్రణాలయాలు సొంత ఖతులనే పట్టుకొని వ్రేలాడినవి. ఆ ఖతులలో తలకట్టు, కొమ్ము, ఒత్తు వేరువేరు ముక్కలై రోమను అక్షరాల సంకేతాలలో దాగి ఉంటాయి. కంటికి తెలుగు, యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల పోగు. 'పోతన' అని వెదికితే పోతన మీద వ్రాసిన వ్యాసమే దొరకదు. బొమ్మలుగా స్కాను చేసిన పుస్తకాలదీ, అక్షరాలను యంత్రం గుర్తించేదాకా, అదే గతి.

యూనికోడ్‌లో వ్రాసినంతమాత్రాన చిక్కు తీరదు. రామాయణము, రామాయణం, రామాయణంబు. విభక్తి చేరితే రామాయణమున, రామాయణానికి. సంధి కలిస్తే రామాయణమంటే, రామాయణమెవరు. గుర్రమొక్కటే అయినా వ్రాతలో గుఱ్ఱము, గుర్రం. ఒక్క రూపాన్ని వెదికి, 'తెలుగులో ఈ విషయం మీద ఇన్నే పుటలున్నవి' అని తేల్చే పత్రం బాలవ్యాకరణం తిరగేసిన విద్యార్థికి నవ్వు తెప్పిస్తుంది. (సంధి ప్రకరణం ఎందుకు మాస్టారూ అని అడిగిన తరగతులెన్నో! ఇదిగో, ఇందుకు.)

కనుక ఆ అమ్మాయికి నేను చెప్పినది ఇంతే. వరుససంఖ్యల పట్టికకు ఒక్క నిమిషం చాలు. మిగిలిన కాలంలో ఒకే పేరాను పాత ఖతిలోను, యూనికోడ్‌లోను తెర మీద పెట్టి, సభవారి ఎదుటనే వెదికి చూపమ్మా. శ్రోతలలో ఫిన్నిష్‌, హంగేరియన్‌ భాషలవారుంటే ప్రత్యయాల గొడవ ఇట్టే అర్థం చేసుకుంటారు, వారి మాటలకూ తోకలు పొడుగే. వచ్చే ప్రశ్నలను వ్రాసుకొని రా. తిరిగి వచ్చాక అదే పత్రాన్ని తెలుగులో వ్రాసి మీ కళాశాల జాలస్థలంలో పెట్టు.

పెట్టడానికి అక్కడ తెలుగు పుట ఒక్కటీ లేదట. ప్రయాణానికి ముందే అది అడుగుతానన్నది.