దారిలో ఆగిన బండి – సంచిలో ఉండవలసినవి

(శీర్షిక: రెండు చక్రాల ముచ్చట)

పాత మోటారు సైకిళ్ళను వానాకాలానికి సిద్ధం చేసుకొనే విధానాన్ని గత సంచికలో ముచ్చటించుకున్నాము. ఎంత సిద్ధం చేసినా పాత బండి పాత బండే. అది ఏదో ఒకనాడు దారిలో ఆగక తప్పదు. ఆ రోజున మన సంచిలో ఏముండాలి, ఏముండనక్కరలేదు అన్నదే ఈ నెల విషయం.

కొన్నేళ్ళ క్రిందట, ఒక శ్రావణమాసపు సాయంత్రం నేను, మా శ్రీమతి రాయ్‌పూర్ నుండి బిలాస్‌పూర్‌కు మా పాత బండిపై తిరిగి వస్తున్నాము. నాంద్‌ఘాట్ వద్ద శివనాథ్ నది వంతెన దాటిన కొంతసేపటికి ఇంజను రెండుమూడుసార్లు దగ్గి ఆగిపోయింది. పది నిమిషాలు చల్లారనిస్తే నడిచేది, వేడెక్కగానే మళ్ళీ ఆగేది. ప్లగ్గు మార్చాను, కార్బొరేటర్ విప్పి ఊదాను. చకర్‌భాటా దీపాలు కనిపించేలోగా నాలుగుసార్లు ఆగాము. మూడవసారి ఆగినప్పుడు, దారి అంచున నిలుచున్న మా శ్రీమతికి మూరెడు దూరంలో ఒక లారీ దూసుకుపోయింది. ఆ గాలికి ఆమె కొంగు ఎగిరిన దృశ్యం నేటికీ నా కళ్ళముందున్నది. ఆనాడు నా సంచిలో మూడు ప్లగ్గులు, పద్నాలుగు పానాలు ఉన్నాయి. లేనిదల్లా బొటనవ్రేలంత కండెన్సర్ ఒక్కటే. రాత్రి దారిలో పడవలసిన చిక్కుతో పోలిస్తే దాని వెల ఏపాటిది?

కనుక సంచిలో మొదటి స్థానం పానాలది కాదు, ప్రాణరక్షణది. తలకు కట్టుకొనే టార్చి, వెలుగు పడితే మెరిసే పట్టీ లేదా త్రికోణం తప్పక ఉండాలి. బండి ఆగగానే దానిని తారురోడ్డు దాటించి మట్టి అంచుకు నెట్టి, వెనుక కూర్చున్నవారిని రోడ్డుకు దూరంగా నిలిపిన తరువాతనే మరమ్మతు సంగతి. చకర్‌భాటా, బోద్రీ మీదుగా సాగే రాయ్‌పూర్ రోడ్డుపై రాత్రివేళ భారీ లారీల రాకపోకలు ఎంత ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు.

ఇక ఏ విడిభాగాన్ని వెంట తీసుకువెళ్ళాలి? దీనికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. అది చెడితే బండి ఆగిపోతుందా? దారిలోని చిన్న ఊళ్ళలో అది దొరకదా? నా చేతులతో అరగంటలో మార్చగలనా? మూడింటికీ అవునని జవాబు వస్తేనే దానికి సంచిలో చోటు. పిస్టను, వాల్వులు, గేరు పళ్ళు ఈ పరీక్షలో నిలువవు. అవి చెడితే బండిని చిన్న లారీకి ఎక్కించవలసినదే.

నిప్పురవ్వకు సంబంధించినవి మొదటి వరుస. ఒక ప్లగ్గు, ఒక జత కాంటాక్ట్ పాయింట్లు, ఒక కండెన్సర్, ప్లగ్గు టోపీ, మూరెడు హైటెన్షన్ వైరు. పాయింట్లు విడివడేటప్పుడు వాటి మధ్య రవ్వ ఎగసిపడకుండా కండెన్సర్ కాపాడుతుంది. అది చెడినపుడు పాయింట్ల వద్ద పెద్ద నీలిరవ్వ కనబడుతుంది, అవి నల్లగా మాడుతాయి, బండి వేడి మీద ఆగిపోతుంది. ఆనాడు నా బండి చూపిన లక్షణాలు సరిగ్గా ఇవే. కొత్త కండెన్సర్‌ను లోపలే బిగించాలన్న నియమం లేదు. దాని లోహపు ఒంటిని ఇంజనుకు గాని, ఫ్రేముకు గాని శుభ్రమైన చోట బిగించి, తీగను కాయిల్‌పై పాయింట్ల వైపు ఉన్న టెర్మినల్‌కు కలిపితే ఇల్లు చేరవచ్చు. పాత బుల్లెట్‌లో పాయింట్ల సందు సుమారు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు. కావున ఒక ఫీలర్ గేజ్ కూడా ఉండాలి.

రెండవది పెట్రోలు. అరమీటరు పెట్రోలు గొట్టం, రెండు క్లిప్పులు, ఒక ఫిల్టరు చాలు. 2023 నుండి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మన బంకులలోకి వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. కనుక బయలుదేరే ముందు గొట్టాన్ని వ్రేళ్ళతో నొక్కి చూడండి. రాజ్‌దూత్, జావా వంటి రెండు స్ట్రోకుల బండ్లవారు పెట్రోలులో కలిపే నూనెను కొలత గీసిన చిన్న సీసాలో ఉంచుకోవాలి.

సంచి విప్పేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ప్లగ్గు తీసి చూడండి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని గ్రహించాలి. అప్పుడు ముందుగా ట్యాంకు మూత తెరచి చూడండి. మూతలోని గాలిరంధ్రం మట్టితో మూసుకుపోయి బండి ఆగిన సందర్భాలు అనేకం. ప్లగ్గు తడిగా ఉంటే నిప్పురవ్వను అనుమానించాలి. ప్లగ్గును టోపీకి తగిలించి, రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొట్టి చూడాలి. రంధ్రం నుండి పెట్రోలు ఆవిరి వస్తుందని మరువరాదు.

మూడవది కేబుళ్ళు. క్లచ్ కేబులు, ఏక్సిలేటర్ కేబులు తెగితే దారిలో దొరకడం కష్టం. కొత్త కేబులును పాతదాని వెంబడే ముందుగానే పరచి, అక్కడక్కడ టేపుతో కట్టి ఉంచితే తెగిననాడు రెండు కొసలు తగిలించుకుంటే సరిపోతుంది. సంచిలో చోటు కూడా మిగులుతుంది.

నాలుగవది టైరు, చైను. పాత బుల్లెట్ 350కి రెండు చక్రాలూ 19 అంగుళాలవే గనుక ఒక ట్యూబు చాలు. టైరు లివర్లు, ప్యాచీలు, సొల్యూషను, గాలిపంపు తప్పనిసరి. ప్యాచీ వేసిన తరువాత టైరు లోపల గుడ్డతో మెల్లగా తడిమి మేకును వెతికి తీయకపోతే పది గజాలలో మళ్ళీ పంక్చరే. ఒక చైను లాకు, నాలుగు చైను లంకెలు ఉంచుకోండి. లాకు క్లిప్పు మూసిన వైపు చైను కదిలే దిశకు ఉండాలి. ఫ్యూజులు, దీపపు బల్బు, రెండు మీటర్ల వైరు, ఇన్సులేషన్ టేపు, ఇనుపతీగ, ఎం-సీల్ వంటివి ఏ డబ్బాలోనైనా ఇముడుతాయి.

ఇక విడిభాగాల నాణ్యత. 1955లో మద్రాసులో మొదలైన బుల్లెట్‌కు నేటికీ భాగాలు సులభంగా దొరుకుతాయి. మైసూరు ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. 2018లో తిరిగి వచ్చిన జావా పూర్తిగా వేరే యంత్రం కనుక దాని ఇంజను భాగాలు పాతదానికి పనికిరావు. బజారులో దొరికే నకళ్ళలో కొన్ని మంచివి, కొన్ని పెట్టెలోనే చెడినవి. అందుచేత ఒక అలవాటు చేసుకోండి. కొత్త భాగాన్ని ఇంటివద్దనే బండికి బిగించి వంద కిలోమీటర్లు నడపండి, చక్కగా పనిచేస్తున్న పాతదానిని సంచిలో వేయండి. పరీక్షించని విడిభాగం పెట్టెకు బరువే తప్ప మనిషికి ధైర్యం కాదు.

పానాల విషయంలోనూ ఇంతే. పాత బుల్లెట్‌లో బ్రిటిషు కొలతల నట్లు, మిల్లీమీటరు నట్లు కలిసి ఉంటాయి. పెద్ద పానాల పెట్టె కొనడం కన్న ఒక ఆదివారం పెరట్లో కూర్చుని, కేవలం సంచిలోని పానాలతోనే వెనుక చక్రం విప్పి బిగించండి, పాయింట్లు మార్చండి. వాడని పానాను తీసివేయండి, లేక ఇబ్బంది పడిన పానాను చేర్చండి. ఆ రోజు ఇంట్లోవారిని కూడా పిలవండి. మా శ్రీమతికి నేడు ప్లగ్గు తీయడం, టార్చి ఎక్కడ పట్టాలో తెలియడం ఆ ఆదివారాల ఫలమే. వస్తువులను పాత నూలుగుడ్డలో చుట్టితే చప్పుడు ఉండదు, ఆ గుడ్డే చేతులు తుడుచుకోవడానికి పనికివస్తుంది.

చివరిగా ఒక్క మాట. అరగంటలో దోషం తెలియకపోతే, లేదా చీకటి పడి వెంట కుటుంబం ఉంటే, పంతం విడిచిపెట్టండి. జాతీయ రహదారిపై సహాయానికి 1033, అత్యవసరానికి 112 ఉన్నాయి. బండిని తాడుతో లాగించుకొనే సాహసం ఎన్నడూ చేయకండి. బండి రేపు నడుస్తుంది. మనం ఈ రాత్రికి ఇల్లు చేరడం ముఖ్యం.

వచ్చే సంచికలో బ్యాటరీ, డైనమోల సంగతి తెలుసుకుందాము. శుభప్రయాణం.