వేలిముద్ర మాది, లాభం ఎవరిది?

పేద దేశాలు, ధనిక దేశాలు మందులూ టీకాలూ పంచుకోవాలట. పెద్ద పెద్ద సభల్లో పెద్దలు చెప్తున్నారు. మంచి మాటే. జహనుమాలో బడిపంతుళ్లుగా బతుకుతున్న మేం ఒక్కటే అడుగుతున్నాం. ఆ పంక్తిలో మా విస్తరి ఎక్కడ? ఇన్నాళ్లూ మా దగ్గర తీసుకున్నది నెత్తురు. మాకు ఇచ్చిందేంది?

దూరం పోనక్కర్లేదు. మా బస్తీలో బస్సెక్కి బేగంపేటలో దిగండి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా జాడ పట్టింది అక్కడే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలతో కుట్టించుకున్నది హుసేన్ ఖాన్ అనే జ్వరపు మనిషి. కూలి, దోమకు ఒక అణా. ఆ ఎరుకతో లోకం బాగుపడింది, కాదనం. కానీ రాస్ పాఠం ఏటేటా చెప్పే మేం, హుసేన్ ఖాన్ పేరు ఒక్కనాడన్నా నల్లబల్ల మీద రాయలేదు. తప్పు మాది కూడా.

అది తెల్లదొరల కాలం అంటారా? అయితే 2009కి రండి. అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, దాదాపు 14 వేల మంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని చెప్పి టీకా వేశారు. టీకా అమెరికాలోని మెర్క్ కంపెనీది. నడిపింది అమెరికాకే చెందిన పాత్ అనే సంస్థ. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. పక్కన నిలబడింది మన ఐసీఎంఆర్, మన రాష్ట్ర ప్రభుత్వం. బజారులో ఒక్కో డోసు వేల రూపాయలు పలికే టీకా అది. ఊరికే ఇస్తామన్నప్పుడు వరుసలో ముందు ఎవరి పిల్లల్ని నిలబెట్టారు? బంజారాహిల్స్ కాన్వెంటు పిల్లల్నా? కాదు. హాస్టళ్లలో తలదాచుకున్న ఆదివాసీ, దళిత, బీసీ బిడ్డల్ని.

ఐదుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు వెళ్లి చూసి గొడవ చేస్తే 2010 ఏప్రిల్‌లో ఆపారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. మేం డాక్టర్లం కాదు, ఆ తగువులోకి పోం. టీకా అంటే మాకు పగ లేదు. మా తల్లులు ఈ క్యాన్సర్‌తో పోతున్నారు, మాకూ టీకా కావాలి. మా తగువు కాగితం దగ్గర. విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. ఇది ప్రయోగం కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అని పేరు పెట్టారు. ప్రయోగమంటే చట్టం అడ్డమొస్తది కదా! 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ మాట ఒప్పుకోలేదు, గట్టిగానే చీవాట్లు పెట్టింది.

ఆ సంతకాల లెక్క చదివినప్పుడు మాకు తల కొట్టేసినట్టయింది. పెన్ను పట్టింది మావంటోళ్లే. మా ఇళ్లల్లో మొదట బడి మెట్లెక్కింది మేమే. మా అమ్మానాయినలు పంతులు ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేశారు. ఇవాళ చూపించే వేలు మాది. మా బడికీ కాగితాలొస్తయి, సాయంత్రంలోగా పంపమంటరు. తల్లిదండ్రుల గడిలో మేమూ గీకి పంపినం. ఏ మందో, ఎందుకో మేమే అడగలేదు. అయ్యలారా, అమ్మలారా, మనం చదివిన చదువు ఇందుకా?

ఇంకో మాట. 2020 అక్టోబరులో కరోనా మందులు, టీకాల మీద పేటెంట్లు పక్కన పెట్టండని భారతదేశం, దక్షిణాఫ్రికా ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి. న్యాయమైన కోరికే. ధనిక దేశాలు సాగదీసి సాగదీసి 2022 జూన్‌లో సగం ముక్క విదిలించాయి. కానీ జెనీవాలో పేదదేశమని చెయ్యి చాచే ఈ ప్రభుత్వాలు భద్రాచలం పోతే దొరలైతయి. 'పేద దేశం' అన్న మాట చాటున కులం దాక్కుంటది. ప్రయోగానికి ఒళ్లు ఇచ్చే పేదలు వేరు, సభలో పేదల తరఫున మాట్లాడే పెద్దలు వేరు.

న్యాయంగా పంచుకోవడం చేతకాని పనేం కాదు. అమెరికాలో టెక్సాస్ శాస్త్రవేత్తలు పేటెంటు పెట్టుకోకుండా ఇచ్చిన కరోనా టీకాను మన హైదరాబాద్ బయలాజికల్ ఇ కంపెనీ తయారు చేసింది. 2022లో అదే టీకా బడిపిల్లలకు వేశారు. 1997లో శాంతా బయోటెక్ కామెర్ల టీకా చేసి, వందల రూపాయల దిగుమతి సరుకు ధరను నేలకు దించింది. మనసుంటే దారి ఉంది.

మా డిమాండ్లు మూడు. ఒకటి, మా పిల్లల ఒంట్లోకి పోయేది ఏదైనా, ఎందుకో, ఏమైతదో తల్లిదండ్రులకు వాళ్ల భాషలో, తెలుగులోనో, ఉర్దూలోనో, కోయలోనో చెప్పాలి. వద్దనే హక్కు ఉండాలి. రెండు, ఎక్కడ పరీక్షిస్తారో అక్కడి పేదలకే ఆ మందు ముందు, ఉచితంగా అందాలి. మూడు, హాని జరిగితే వైద్యం, పరిహారం ముందే రాసివ్వాలి.

తోటి పంతుళ్లారా, ఈసారి కాగితం వస్తే సంతకం పెట్టకండి. తల్లిని బడికి పిలవండి. చదివి వినిపించండి. ఆమె వద్దంటే వద్దని రాయండి.

జై భీమ్!