సమాధులు వెదకడం విగ్రహారాధన కాదు



మన సంఘాల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది. "ఆత్మ దేవుని యొద్దకు వెళ్ళిపోయింది. తాతముత్తాతలను ఎక్కడ పాతిపెట్టారో వెదకడం ఎందుకు? అది లోకస్థుల పని" అంటారు. ఇందుకు మత్తయి 8:22, 1 తిమోతి 1:4 చూపిస్తారు. ఈ మాట భక్తిగా వినిపిస్తుంది గాని వాక్యానుసారమైనది కాదు.

మత్తయి 8లో ప్రభువు మాట్లాడినది ఆయనను వెంబడించడం వాయిదా వేస్తున్నవానితో. పౌలు ఖండించినది వంశావళుల పేరుతో వాదాలు పెంచేవారిని. పెద్దల సమాధులను మరచిపొమ్మని వారిద్దరూ చెప్పలేదు. వంశావళి పాపమైతే మత్తయి తన సువార్తను వంశావళితోనే ఎందుకు మొదలుపెట్టాడు?

ఆదికాండము 23వ అధ్యాయం చదవండి. శారా చనిపోయినప్పుడు అబ్రాహాము ఎఫ్రోనుకు 400 తులముల వెండి తూచి ఇచ్చి, ఊరి గవిని దగ్గర అందరి ఎదుట మక్పేలా పొలాన్ని గుహతో, చెట్లతో, హద్దులతో సహా కొన్నాడు. మన మాటల్లో చెప్పాలంటే, సాక్షుల ముందు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. తరువాత యాకోబు ఐగుప్తులో మరణశయ్య మీద ఉండి, ఆ గుహలో ఎవరెవరు ఉన్నారో పేరుపేరునా కుమారులకు చెప్పాడు (ఆది 49:29-32). మనలో ఎంతమందిమి అలా మూడు తరాలు చెప్పగలం?

ఇంగ్లీషువారిని చూడండి. మద్రాసు రాజధానిలో చర్చీలు రాసిన సమాధి రిజిస్టర్ల నకళ్ళు లండన్‌కు పంపించారు. అవి నేటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. జె. జె. కాటన్ అనే అధికారి ఈ ప్రాంతపు పాత సమాధుల మీది రాతలు సేకరించి 1905లో పుస్తకం వేయించాడు. అందుకే ఇక్కడ చనిపోయిన దొర మునిమనవడు అక్కడ కూర్చునే తన తాత సమాధి ఆచూకీ తెలుసుకోగలుగుతున్నాడు.

మరి మనవారి సంగతి? 1878 జూలై 3న, గొప్ప కరవు తరువాత, ఒంగోలు మిషను వారు గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ లెక్క చరిత్రలో నిలిచింది. అయితే ఆ 2,222 మందిలో తమ పెద్ద ఎక్కడ నిద్రించాడో చూపించగల కుటుంబాలు ఎన్ని? వారు పేదలు. అంటరానివారని ఊరి బయట ఉంచబడినవారు. వారి మీద రాయి లేదు, మట్టి దిబ్బే. నాలుగు వానలకు అది కూడా చదును అయింది. బ్రతికి ఉన్నప్పుడు ఊరు వారిని లెక్కచేయలేదు. చనిపోయాక మనం కూడా లెక్కచేయకపోతే మనకూ ఆ ఊరికీ తేడా ఏమిటి?

ఇది కేవలం జ్ఞాపకాల సంగతి కాదు, నేల సంగతి కూడా. ఎవరు ఎక్కడ ఉన్నారో రాసి లేని సమాధుల తోటను ఖాళీ జాగా అనడం సులువు. ప్రక్క పొలం గట్టు ఏటా ఒక అడుగు లోపలికి జరుగుతుంది. అప్పుడు "మా తాత అక్కడే ఉన్నాడు" అని ఏడిస్తే చాలదు, కాగితం కావాలి. అబ్రాహాముకు ఇది తెలుసు.

కొందరు లక్షలు పోసి నాన్నగారికి గ్రానైటు సమాధి కట్టిస్తారు, నాయనమ్మ ఎక్కడ ఉందో అడిగితే చెప్పలేరు. సమాధుల పండుగనాడు సున్నం కొట్టి కొవ్వొత్తి వెలిగిస్తే బాధ్యత తీరిపోదు.

కాబట్టి ఈ వారమే మీ ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఏ చెట్టు ప్రక్కన, ఏ దిక్కున అన్నది అడిగి రాసుకోండి. బాప్తిస్మానికి ముందున్న పేరు కూడా అడగండి, పేరు మారినచోటే చాలా వంశాల జాడ తెగిపోతుంది. సంఘపు పాత రిజిస్టర్లు చెదలు పట్టకముందే తెరిపించండి. సమాధుల తోట సర్వే నంబరు, హద్దులు తెలుసుకోండి. ఆ పెద్దవారు ప్రభువునందు నిద్రించిన తరువాత అడగడానికి ఎవరూ ఉండరు.

మనం మృతులకు మ్రొక్కము. వారు లేస్తారని నమ్ముతాము. లేస్తారని నమ్మేవారికి, వారు ఎక్కడ పండుకొని ఉన్నారో తెలిసి ఉండవద్దా?

ప్రభువు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమేన్.