కాపీకి మందు సాఫ్ట్‌వేర్‌లో లేదు

పీహెచ్‌డీ థీసిస్ సమర్పించే దశకు చేరిన పరిశోధక విద్యార్థులు ఇప్పుడు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న ‘సిమిలారిటీ ఎంత వచ్చింది?’ అని. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలే ఇందుకు కారణం. ఇతరుల రచనలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల్లోగా సవరించి మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అధ్యాపకులనూ వదల్లేదు. వారి ప్రచురణల్లో పోలిక 40 శాతం మించితే ఒక వార్షిక ఇంక్రిమెంటు, 60 మించితే వరుసగా రెండు కోల్పోతారు.

2019లో ‘శోధ్ శుద్ధి’ కార్యక్రమం కింద యూజీసీ అనుబంధ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయాలకు తనిఖీ సాఫ్ట్‌వేర్ అందించింది. అయితే అది పట్టుకునేది మాటల పోలికను. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి దించుకున్నా, వాక్యాలను కృత్రిమ మేధతో తిరగరాయించినా అది తేలిగ్గా పసిగట్టలేదు. పైగా థీసిస్ నాటికి అలవాటు ముదిరిపోయి ఉంటుంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే సీనియర్ల ల్యాబ్ రికార్డును దించేయడంతో మొదలై, చివరి ఏడాదికి అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కోవడం దాకా వెళ్తుంది.

ఇందులో విద్యార్థి తప్పు ఉంది. అయితే ఏటా అవే అసైన్‌మెంట్లు ఇచ్చి, లోపలి లెక్కల కన్నా రికార్డు అందానికే మార్కులు వేసే బోధన పాత్ర తక్కువేమీ కాదు. కెమిస్ట్రీ రికార్డు దిద్దేటప్పుడు రీడింగులు ఎందుకలా వచ్చాయో రెండు నిమిషాలు అడిగితే, ప్రయోగం చేసిందెవరో తెలిసిపోతుంది. ఎకనామిక్స్ విద్యార్థిని తమ ఊరి దగ్గరి మార్కెట్ యార్డులో పంట ధరలు రాసుకొచ్చి మద్దతు ధరతో పోల్చమంటే, నిరుటి జవాబు అక్కరకు రాదు. ప్రాజెక్టును మూడు విడతలుగా చిత్తుప్రతులతో సహా చూస్తే, కొనుక్కొచ్చిన సరుకు మొదటి విడతలోనే బయటపడుతుంది.

ఇలాంటి మెలకువలు అధ్యాపకులకు ఎవరు నేర్పాలి? 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. 2023లో అవే మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలయ్యాయి. పదోన్నతికి రిఫ్రెషర్ కోర్సు సర్టిఫికెట్ అవసరం కావడంతో చాలామంది అందుకోసమే హాజరవుతున్నారు. ఉపన్యాసాలు విని తిరిగొచ్చేవారికి ప్రశ్నపత్రం తయారీ, మూల్యాంకనం చేతికి అందడం లేదు. 2018 నిబంధనలు ప్రతి సెమిస్టర్‌లో అవగాహన సదస్సులు పెట్టాలనీ చెప్పాయి. శిక్షల పట్టిక గుర్తున్నంతగా ఆ మాట ఎవరికీ గుర్తులేదు.

ఖాళీలు భర్తీ కాక కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులే తరగతులు నెట్టుకొస్తున్న తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ప్రతి విద్యార్థి పనినీ ఇలా అడిగి పరిశీలించే భారం మరింత ఎక్కువ. వందమందికి పాఠం చెబుతూ ప్రతి ఒక్కరితో మాట్లాడడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఖాళీలు నింపాలి, శిక్షణలో తాత్కాలిక అధ్యాపకులకూ చోటివ్వాలి. పదోన్నతి ఇచ్చేటప్పుడు ప్రచురణల సంఖ్యతోపాటు, అధ్యాపకులు రూపొందించిన అసైన్‌మెంట్లను, దిద్దిన జవాబుపత్రాలను కూడా పరిశీలించాలి. బోధనకు విలువ దక్కితేనే నిజాయతీ గురించి వారు చెప్పే మాటకు విద్యార్థి దగ్గర బరువు ఉంటుంది.