అది వేషం కాదు, బట్ట



మన హాస్టల్ వార్షికోత్సవంలో ప్రతి ఏడాదీ ‘వివిధ రాష్ట్రాల వేషధారణ’ అనే అంశం ఉంటుంది. కిందటేడు మా తరగతికి హిమాచల్ ప్రదేశ్ వచ్చింది. బజారులోని అద్దె దుస్తుల షాపు వాళ్లు మెరిసే శాటిన్ గౌను, గిల్టు గొలుసులు, అట్టతో చేసిన టోపీ ఇచ్చి ‘కొండజాతి డ్రెస్’ అన్నారు. మేమూ మైకులో అదే చెప్పాం. చప్పట్లు బాగానే పడ్డాయి, రెండో బహుమతి కూడా వచ్చింది. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి అసలు సంగతి తెలుసుకున్నాక సిగ్గేసింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హిమాచల్‌లో టిబెట్ సరిహద్దున, సట్లెజ్ నది లోయలో కిన్నౌర్ అనే జిల్లా ఉంది. అక్కడి కిన్నౌరాలు షెడ్యూల్డు తెగ. ఆడవాళ్లు కట్టుకునేది దోహ్రూ. అది శాటిన్ కాదు, గౌనూ కాదు. దుప్పటంత బరువైన ఉన్ని బట్ట. నేత అంచు వీపు మీదుగా మడమల దాకా కనిపించేట్టు చుట్టుకుంటారు. పైన శాలువా, అది జారకుండా డిగ్రా అనే వెండి పిన్ను. తలకు పచ్చ వెల్వెట్ పట్టీ ఉన్న గుండ్రటి ఉన్ని టోపీ, దాని పేరు థేపాంగ్. మంచు కురిసే ఊళ్లలో బట్ట ముందు చలిని ఆపాలి. అందం ఆ తర్వాతే. మేము వేసుకున్న శాటిన్ గౌనుతో అక్కడ ఒక్క రాత్రి గడపలేం.

ఇక ఆ శాలువా సంగతి. మన ఉప్పాడ జాందానీ చీర మీద పువ్వు ఎలా పడుతుందో తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పడుగు పోగుల మధ్య రంగు పోగులను వేళ్లతో దూర్చి, వరుస తర్వాత వరుస పువ్వు నేయడం. కిన్నౌర్ నేతా దాదాపు అంతే, నూలుకు బదులు ఉన్ని. బౌద్ధ స్తూపం, స్వస్తిక, పూలు వాళ్ల బొమ్మలు. తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు పంచభూతాలకు గుర్తులంటారు. దగ్గరగా చూస్తే గానీ అది కుట్టు కాదు, నేత అని తెలియదట. పనితనాన్ని బట్టి ఒక్క శాలువాకు నెల, నెలన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

మరి ఇవన్నీ చేసేదెవరు? మమ్మల్ని కుదిపింది ఇదే. కిన్నౌర్ సమాజం మీద రాసినవాళ్లు చెప్పేదాని ప్రకారం అక్కడ నేత పని పూర్వం నుంచి చమాంగ్ అనే కులం వాళ్లది. చెప్పులు కుట్టేదీ వాళ్లే. లోహపు పని డోమాంగ్‌లది. ఈ ఇద్దరినీ అంటరానివాళ్లుగానే చూశారు. అంటే ఆ బట్ట ఒంటికి తగలొచ్చు గానీ నేసిన చెయ్యి తగలకూడదు! ఇది మనకు కొత్త కథా? మన పల్లెల్లోనూ మాలవాడల్లో మగ్గాలు ఆడేవి. ఊరందరికీ ముతక బట్ట నేసిపెట్టింది ఆ వాడలే. ఇప్పుడు కిన్నౌర్‌లో అన్ని కులాల ఆడవాళ్లూ నేస్తున్నారు. అది మంచి మార్పే. కానీ ‘కొండజాతి సంస్కృతి’ అని పొగిడే వ్యాసాల్లో చమాంగ్ అనే మాట ఎంత వెతికినా అరుదుగానే దొరుకుతుంది.

ఆ టోపీ గురించి మాత్రం చాలా దొరుకుతుంది. హిమాచల్ రాజకీయాల్లో పచ్చపట్టీ టోపీ వీరభద్రసింగ్ వల్ల కాంగ్రెస్‌కు, మెరూన్ పట్టీ టోపీ ధుమాల్ వల్ల బీజేపీకి గుర్తులైపోయాయి. టోపీ ఎవరి నెత్తిన ఉందనేదే వార్త. ఎవరు కుట్టారనేది వార్త కాదు.

ఇక గిట్టుబాటు. 1962 యుద్ధంతో టిబెట్ దారులు మూతపడ్డాయి, అటునుంచి వచ్చే ఉన్ని ఆగిపోయింది. ఆ తర్వాత పంజాబ్ మిల్లుల్లో పవర్‌లూమ్ మీద అవే పువ్వులు దిగాయి. కొండ మీది దుకాణంలో ‘అసలైనది’ అని అమ్మేది చాలాసార్లు లూధియానా సరుకే. 2010లో కిన్నౌరీ శాలువాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ చట్టం కాపాడేది సరుకు పేరును. నేసిన మనిషికి కూలి ఎంత ముట్టాలో అది చెప్పదు. పోచంపల్లి చీరకూ ఆ గుర్తింపు ఉంది. అయినా ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన చీరలు ఏ సంతలో చూసినా కనిపిస్తాయి.

‘పాత వృత్తులను కాపాడుకోవాలి’ అని వక్తలు సభల్లో అంటుంటారు. మాకు ఈ మాట దగ్గర ఒక ఇబ్బంది ఉంది. మాలో చాలామంది తాతలు మగ్గం మీదా, చెప్పుల పని మీదా బతికినవాళ్లు. వాళ్లు ఆ పని మా దాకా రానివ్వకూడదనే మమ్మల్ని ఈ హాస్టల్లో చేర్పించారు. మేము వదిలేసిన పనిని కిన్నౌర్ పిల్లలు మాత్రం పట్టుకుని ఉండాలని ఏ నోటితో అనాలి? అక్కడా ఆపిల్ తోటలున్న ఇళ్లకు నేత అక్కరలేకపోతోంది. చదువుకుని నర్సు కావాలనుకునే అమ్మాయి నర్సే కావాలి. నేయాలనుకునే అమ్మాయికి నర్సుకు వచ్చినంత రావాలి. అది రాకుండా కాపాడమంటే, పాత చాకిరీనే కాపాడమన్నట్టు.

బట్ట కులాన్ని పట్టించే గుర్తుగా కూడా ఉంటుందని మనం మరిచిపోకూడదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మహిళలతో మాట్లాడుతూ, అంటరానివాళ్లని చూడగానే తెలిసే పాత కట్టునూ నగలనూ మానేయమన్నారు. కాబట్టి ‘సంప్రదాయ దుస్తులు’ అనగానే అందరూ గర్వపడాలనే రూలేమీ లేదు. ఎవరి మీద ఎవరు ఏ బట్ట రుద్దారో కూడా అడగాలి.

కుఫ్రీ, మనాలీ వెళ్లిన టూరిస్టులు అక్కడి దుస్తులు కాసేపు అద్దెకు తీసుకుని జడలబర్రె పక్కన ఫొటో దిగుతారట. మేము స్టేజీ మీద చేసిందీ అదే. కాకపోతే మా పక్కన జడలబర్రె లేదు.

ఈసారి కార్యక్రమ పట్టికలో ఆ అంశం పేరులోంచి ‘వేషధారణ’ తీసేసి ‘బట్ట - నేత’ అని రాయాలని వార్డెన్ మేడమ్‌ను అడిగాం. అద్దె డ్రెస్ తేము. చార్టు మీద దోహ్రూ బొమ్మ గీసి, నేసినవాళ్ల గురించి రెండు నిమిషాలు చదువుతాం. మన హాస్టళ్లకు చేనేత సంఘాల నుంచి దుప్పట్లు, జంపఖానాలు వచ్చేవని సీనియర్లు చెబుతుంటారు. మనం కప్పుకునే దుప్పటి కూడా ఒకటి ఆ పక్కనే పరుస్తాం. దాన్ని ఏ ఊళ్లో, ఎవరు నేశారో తెలుసుకోవడానికి స్టోర్ రూమ్ రిజిస్టర్ చూపించమన్నాం. మేడమ్ ఆదివారం రమ్మన్నారు.