హేమంతమున పరుగు

ఆగస్టు మాసపు మారథాన్ ముగిసి, పతకములు గోడకెక్కి, కార్తిక దీపములు కొండెక్కిన పిదప, హుస్సేన్ సాగరతీరమున నెక్లెస్ రోడ్డుపై వేకువనే గుమిగూడు పరుగుబృందములు మార్గశిరము వచ్చునప్పటికి పలుచబడుట హైదరాబాదువారికి క్రొత్త వింత కాదు. దీనికి సోమరితనమే కారణమని నిందించువారితో నేనేకీభవింపను. జనవరిలో సూర్యుడు 6:30 దాటినగాని ఉదయింపడు. అంతవరకు నేలనంటియున్న చల్లని గాలిపై వెచ్చని పొర మూతవలె కప్పియుండుటచే, వాహనముల పొగయు ధూళియు పైకెగయక మన ముక్కుల యెత్తుననే నిలిచిపోవును. ఆ గాలిని గుండెలనిండ పీల్చుచు పరుగెత్తుమనుట ఆరోగ్యబోధ కాజాలదు.

వేసవినాటి వేళనే పట్టుకొని 5 గంటలకే రమ్మని శాసించుటకంటె, ఎండపొడ తగిలిన పిమ్మట కూడి, కీళ్లు వెచ్చబడువరకు నడచి, వెనుకబడినవారికి ఒకరు తోడుండి, చివర ఇరానీ చాయ్ త్రాగుచు ఆనాడు రానివారికి ఫోను చేయు బృందమే సంక్రాంతి వరకు చెదరక నిలుచును. సంకల్పబలమును గూర్చిన ఉపన్యాసములు, అవి వాట్సాప్‌లో వచ్చినను సరే, ఆ యొక్క ఫోనుకు సాటిరావు. ఉద్యోగులకు ఆలస్యపు వేళ కష్టమే. వారికి ఆదివారమొక్కటైనను మేలు. నిర్వాహకులారా, ఈ వారమే వేళ మార్చి ప్రకటింపుడు.