"అజాగ్రత్త" అనే మాట ఇక చాలిద్దాం



క్రిస్మసు దగ్గర పడుతోంది. ఇళ్ళల్లో అరిసెలకు బియ్యం నానబోసే రోజులివి. ఈ రోజుల్లోనే మా క్యాజువాలిటీలో కూడా ఒక రకం పని పెరుగుతుంది. నూనె చిందినవాళ్ళు, పాకం ఒలికినవాళ్ళు, కుక్కరు ఆవిరి ముఖానికి కొట్టినవాళ్ళు వరుసగా వస్తారు. ప్రతి ఏడూ వస్తారు. పోయిన ఏడు చెప్పిన కారణమే ఈ ఏడూ చెబుతారు. మేము కూడా పోయిన ఏడు పెట్టిన చీవాట్లే మళ్ళీ పెడతాం. ఇన్నేళ్ళూ మేము చేసింది సరైన పని కాదని ఈ మధ్య మాకు అర్థమైంది. అది మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కొద్ది నెలల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం రెండేళ్ళు నిండని బాబును ఎత్తుకొచ్చారు. తల్లి అన్నం వార్చి, గంజి గిన్నె నేల మీద పెట్టి, అడుగంటుతున్న కూర కలపడానికి అటు తిరిగింది. బాబు పాకుతూ వచ్చి గిన్నె అంచు పట్టుకుని లేవబోయాడు. గిన్నె ఒరిగి గంజి తొడల మీద పడింది. గంజి నీళ్ళలాగా జారిపోదు. ఒంటికి అంటుకుని ఉండిపోతుంది. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి లోతుగా కాలుస్తుంది.

ఇంట్లోవాళ్ళు గబగబా టూత్‌పేస్టు పూశారు. పక్కింటివాళ్ళు ఇంకు పోశారు. ఇంకెవరో దోసెల పిండి రాశారు. మా దగ్గరికి చేరేసరికి నాలుగు గంటలు దాటింది. గాయం ఎంత లోతో చూడాలంటే ముందు ఆ పూతలన్నీ కడగాలి. ఆ కడిగేటప్పుడు బాబు ఏడ్చిన ఏడుపు మా సిస్టర్లు ఇప్పటికీ మరచిపోలేదు.

బయట నాయనమ్మగారు వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతున్నారు: "దీనికి పని మీద ధ్యాస ఉండదమ్మా, ఎన్నిసార్లు చెప్పినా అంతే." లోపల మేము కూడా, "చూసుకోవద్దా అమ్మా?" అన్నాం. ఆ తల్లి ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి కట్టు మార్చేటప్పుడు మాత్రం తనంతట తానే మెల్లగా అంది: "గిన్నె పెట్టడానికి గట్టు మీద చోటు లేదు సిస్టర్."

అంతే. చర్చి నుంచి అందరూ వచ్చేసరికి వంట అయిపోవాలి. గట్టు సగం మీద డబ్బాలు, మిక్సీ, బియ్యం బస్తా ఉన్నాయి. పిల్లవాణ్ణి పట్టుకునే మనిషి లేదు. వేడి గంజి పెట్టడానికి ఆమెకు మిగిలింది నేల ఒక్కటే. మేమందరం ఆమెకు ధ్యాస లేదన్నాం. ఆ గట్టు సంగతి ఏ ఒక్కరమూ అడగలేదు.

వార్డులో ఒక న్యాయం, వంటగదిలో ఇంకొకటా?

మా వార్డుల్లో ఒక మందుకు బదులు ఇంకొక మందు ఇవ్వబోయారనుకోండి. పూర్వం ఆ నర్సును పిలిచి అందరి ముందు తిట్టేవారు. మళ్ళీ నెల తిరక్కుండా ఇంకో నర్సు అదే తప్పు చేసేది. ఇప్పుడు అలా వదిలెయ్యం. ఆ రెండు సీసాలు ఒకేలా ఉన్నాయా, పక్కపక్కన పెట్టారా, లైటు సరిగా ఉందా, ఒక్క నర్సుకు ఎంతమంది రోగులను అప్పగించారు అని అడుగుతాం. సీసాలు వేరే అరల్లోకి మారిస్తే ఆ తప్పు మళ్ళీ రాదు. తిట్టు ఒక పూట గుర్తుంటుంది, అర మార్చింది ఎప్పటికీ పనిచేస్తుంది.

మరి వంటగదిలో చెయ్యి కాలితే మనం ఇంకా "అజాగ్రత్త" అనే చెబుతున్నాం. ఆ మాటతో ఇంట్లో అందరి బాధ్యతా తీరిపోతుంది. గట్టు అలాగే ఉంటుంది. పాత గ్యాసు పైపు అలాగే ఉంటుంది. మళ్ళీ ఏడాది ఇంకొకరు కాలి వస్తారు. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగా గానీ తీవ్రంగా గానీ కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతమందీ అజాగ్రత్తపరులేనా? మా మట్టుకు మేము ఒప్పుకోము.

మళ్ళీ మళ్ళీ మేము చూసే పొరపాట్లు

మొదటిది చోటు. వేడి గిన్నె నేల మీద పెట్టడం, బాండీ కాడ గట్టు బయటికి వచ్చేలా ఉంచడం, టీ గిన్నె టేబులు అంచున పెట్టడం. 60 డిగ్రీల వేడి నీళ్ళు పెద్దవాళ్ళ చర్మాన్ని కూడా 5 సెకన్లలో లోతుగా కాల్చగలవు. పసివాళ్ళ చర్మం పలుచన, అంతసేపు కూడా పట్టదు. అప్పుడే దించిన సాంబారు, పాలు, గంజి అంతకంటే ఎంతో వేడి. గట్టు మీద వెనక వైపు గోడ వారగా రెండు గిన్నెలు పట్టే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. అక్కడ ఇంకేదీ పెట్టకూడదని ఇంటిల్లిపాదీ ఒప్పుకోండి. చలికాలం స్నానాల నీళ్ళ గంగాళం విషయంలో కూడా ఇదే జాగ్రత్త. వేడి నీళ్ళు మోసుకెళ్ళి బకెట్లో పొయ్యడం కాదు, ముందు బకెట్లో చన్నీళ్ళు పోసి ఉంచి తరవాత వేడివి కలపండి.

రెండవది తొందర. కుక్కరు లోపల వేడి సుమారు 120 డిగ్రీలు. ఆవిరి పూర్తిగా దిగకముందే మూత లాగితే లోపలి పప్పు ముఖాన కొడుతుంది. కుక్కరు మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. పప్పులాంటి పొంగేవాటికి సగమే హద్దు. విజిలు దారిలో మెతుకు అడ్డుపడిందేమో మూత పెట్టేముందు వెలుతురుకు ఎత్తి చూడండి. రబ్బరు గట్టిపడినా, సేఫ్టీ వాల్వు పాడైనా కంపెనీవే కొని మార్చండి. సేఫ్టీ వాల్వుకు సీలలు కొట్టి, లక్క అతికించి వాడేవాళ్ళను చూశాం. ఆ పొదుపు ఎవరికీ వద్దు.

మూడవది నూనె. తడి గరిటె, తడి చెయ్యి, గాలి చొరని గారె, ఇవి నూనెను పైకి చిమ్మిస్తాయి. బాండీలో నూనె అంటుకుంటే నీళ్ళు మాత్రం పొయ్యకండి. నీళ్ళు నూనె అడుగుకు పోయి ఒక్కసారిగా ఆవిరై మంటను ఇంటి కప్పుదాకా లేపుతాయి. స్టవ్ కట్టేసి, సరిపోయే మూతో పళ్ళెమో పక్క నుంచి జరుపుతూ కప్పి, చల్లారేదాకా తియ్యకండి. మండుతున్న బాండీని చేత్తో పట్టుకుని పెరట్లోకి పరిగెత్తినవాళ్ళే మా దగ్గర ఎక్కువ రోజులు ఉన్నారు.

నాలుగవది గ్యాసు. వంట గ్యాసు గాలికంటే బరువు, నేల బారునే పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆర్పనూ కూడదు. రెండింటికీ నిప్పురవ్వ వస్తుంది. రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, అందరూ బయటికి వచ్చాక 1906 నంబరుకు ఫోను చెయ్యండి. రబ్బరు పైపు అయిదేళ్ళకొకసారి మార్చాలి. పైపు మీదే తేదీ ఉంటుంది, ఈ సాయంత్రమే చూడండి.

అయిదవది సీసాలు. నేల తుడిచే మందు, యాసిడ్, మిగిలిన కిరోసిన్ మంచినీళ్ళ సీసాల్లోనూ కూల్‌డ్రింకు సీసాల్లోనూ పోసి గట్టు కింద పెడతారు. దాహమేసిన పిల్లవాడికి సీసాయే గుర్తు. ఒకవేళ తాగితే ఉప్పునీళ్ళు పట్టించి కక్కించకండి. కక్కేటప్పుడు కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. ఆ సీసా కూడా చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి.

కాలిన తరవాత మొదటి ఇరవై నిమిషాలు

కాలడం ఒక దెబ్బ అయితే, తరవాత మనం పూసేది రెండో దెబ్బ. పేస్టు, ఇంకు, నెయ్యి, పసుపు, కోడిగుడ్డు సొన, పిండి, వీటిలో ఏదీ వద్దు. చల్లగా అనిపించినా ఇవి వేడిని లోపలే ఉంచుతాయి, గాయంలో చీము పట్టిస్తాయి. ఒక పెద్దావిడ మమ్మల్ని నిలదీశారు: "మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పొయ్యలేదా సిస్టర్?" నిజమే అమ్మగారూ. అయితే అది దొంగలు కొట్టిన దెబ్బ, కాలిన గాయం కాదు. ఆయన దగ్గర మనం నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ మనిషిని తప్పెవరిదని అడగలేదు. తన పశువు మీద ఎక్కించుకుని, చూసుకునే చోటికి చేర్చి, ఖర్చు కూడా తానే పెట్టుకున్నాడు.

ఇది కత్తిరించి వంటగది తలుపుకు అంటించండి:

1. కొళాయి కిందగానీ చెంబుతోగానీ మామూలు చన్నీళ్ళు ఇరవై నిమిషాలు ఆగకుండా పొయ్యండి. ఐసు వద్దు. వెంటనే చెయ్యలేకపోయినా మూడు గంటలలోపు ఎప్పుడు చేసినా మేలే. పసిపిల్లలైతే కాలిన చోట మాత్రమే తడిపి, మిగతా ఒళ్ళు వెచ్చగా కప్పండి.
2. గాజులు, ఉంగరాలు, మొలతాడు వాపు రాకముందే తీసెయ్యండి. ఒంటికి అతుక్కున్న బట్టను మాత్రం లాగకండి.
3. బొబ్బలు చిదపకండి. ఉతికిన నూలుబట్ట వదులుగా కప్పండి.
4. బట్టలు అంటుకుంటే పరిగెత్తకూడదు. నేల మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి మంట ఆర్పి, వెంటనే నీళ్ళు పొయ్యండి.
5. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మావయవాలు కాలినా, గాయం ఆ మనిషి అరచేతికంటే పెద్దదైనా, పసిపిల్లలకూ ముసలివాళ్ళకూ ఎంత కాలినా ఆసుపత్రికి రండి. 108కి ఫోను చెయ్యండి.

ఒక చేదు మాట

"వంట చేస్తుంటే అంటుకుంది" అని చెప్పేవన్నీ వంటగది ప్రమాదాలు కావు. ఈ సంగతి ఏ ఆసుపత్రి నర్సుకైనా తెలుసు. అందుకే కాలిన గాయాలతో వచ్చిన స్త్రీతో ఒకసారైనా ఒంటరిగా మాట్లాడతాం. బంధువులు కోపం తెచ్చుకోవద్దు. ఎవరి ఇంట్లోనైనా ఆడబిడ్డకు భయం ఉంటే 181 మహిళా హెల్ప్‌లైనుకు చెప్పవచ్చు, మాకూ చెప్పవచ్చు. అన్నిటికీ "అజాగ్రత్త" అని పేరు పెడితే నిజమైన నేరం కూడా ఆ మాట చాటునే దాక్కుంటుంది.

ఇంటి పెద్దలకూ, సంఘ పెద్దలకూ

అయ్యలారా, వంట ఆడవాళ్ళదే అయినా వంటగది ఇంటిది. గ్యాసు పైపు కొనడం, గట్టు ఖాళీ చెయ్యడం, పొయ్యి మీదికి ఒక లైటు పెట్టించడం, వార్చే వేళకు పిల్లవాణ్ణి అరగంట ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్ళడం, వీటికి వంట రానక్కరలేదు. అత్తగారూ, కోడలు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు మీరు పిల్లవాణ్ణి పట్టుకుంటే ఆమెకు అదే పెద్ద సాయం.

పాస్టరుగార్లకు, కమిటీవారికి కూడా ఒక మనవి. క్రిస్మసు ప్రేమ విందుకు పెద్ద పెద్ద డేగిసాలు ఎక్కిస్తారు. పొయ్యిల చుట్టూ తాడు కట్టి పిల్లలను లోపలికి రానియ్యకండి. నిండు డేగిసా దించడానికి ఇద్దరు మగవాళ్ళను ముందే ఏర్పాటు చెయ్యండి. రెండు డ్రమ్ముల చన్నీళ్ళు, నాలుగు బకెట్ల ఇసుక దగ్గర పెట్టండి. జారే పైట, నైలాను చున్నీ బిగించి దోపుకోమని చెప్పండి.

మార్తమ్మ గురించి ప్రసంగాలు చాలా విన్నాం. పనుల తొందరలో పడిపోయిందని అందరూ అంటారు. మాకు మాత్రం వార్డులో ఆమె ఇంకోలా గుర్తొస్తుంది. వచ్చినవారందరికీ వంట ఆమె ఒక్కతే చేస్తోంది, సాయానికి మనిషి కావాలని నోరు తెరిచి అడిగింది. మా దగ్గరికి వచ్చే మార్తలు చాలామంది అది కూడా అడగరు.

ఆ బాబు ఇప్పుడు నడుస్తున్నాడు. తొడ మీద మచ్చ ఉంటుంది. కట్టు విప్పించడానికి చివరిసారి వచ్చినప్పుడు తండ్రి కూడా వచ్చారు. బియ్యం బస్తా పడమటింట్లోకి మార్చామని, గట్టు ఇప్పుడు ఖాళీగా ఉందని చెప్పారు. ఆ తల్లి ముఖం ఆ రోజు వేరుగా ఉంది. ఇక ఎవరు కాలి వచ్చినా "చూసుకోవద్దా?" అని అడగకూడదని మా సిస్టర్లం నిర్ణయించుకున్నాం. "ఎలా జరిగిందమ్మా, ఏం మారిస్తే మళ్ళీ జరగదు?" అని అడుగుతున్నాం. మీ ఇంట్లో కూడా అదే అడగండి.

ఈ పండుగకు మీ పిండివంటలు బాగా కుదరాలనీ, మా క్యాజువాలిటీ ఖాళీగా ఉండాలనీ ప్రార్థిస్తున్నాం. ప్రభువు మీ ఇంటినీ, మీ వంటింటినీ కాపాడును గాక.